వీడియోలో పడని చెయ్యి

మా చర్చిలో ఎవరైనా ఆసుపత్రి నుంచి ఇంటికొస్తే, ఆ వచ్చే ఆదివారం లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే ఎవరూ ఏమీ అనరు. కానీ ఆరాధన అయ్యాక బయట చెప్పులు వేసుకుంటుంటే ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి, "ఏమ్మా, దేవుడు ఇంత మేలు చేస్తే నోరు తెరవలేదేంటి?" అని నెమ్మదిగా అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి జ్వరం తగ్గినవాళ్ళు కూడా మైకు దగ్గరికి వెళతారు.

సాక్ష్యానికి ఒక పద్ధతి ఉంది. సికింద్రాబాద్‌లో పుట్టి, ఈ చర్చి బెంచీల మీదే పెరిగినదాన్ని కాబట్టి నాకు బాగా తెలుసు. ముందు ఎంత కష్టమొచ్చిందో చెప్పాలి. డాక్టర్లు చేతులెత్తేశారని చెప్పాలి, వాళ్ళు ఎత్తెయ్యకపోయినా సరే. తర్వాత సంఘమంతా ప్రార్థన చేసిందని, దేవుడు సంపూర్ణంగా స్వస్థపరిచాడని చెప్పాలి. ఆ 'సంపూర్ణంగా' తప్పకుండా పడాలి. "కాస్త తగ్గిందండీ, ఇంకా మాత్రలు వాడుతున్నాను" అనే సాక్ష్యం నేనింతవరకూ వినలేదు. ఇంకా నొప్పి ఉందంటే నమ్మకం చాల్లేదన్నట్టు. ముందు నోటితో ఒప్పుకుంటే తర్వాత ఒంట్లో జరుగుతుందని మావాళ్ళ లెక్క. మా పక్క బెంచీ ఆంటీ ఒకసారి షుగర్ పూర్తిగా పోయిందని సాక్ష్యం చెప్పి, వచ్చి కూర్చుని, తన టీలో మాత్రం చక్కెర వెయ్యొద్దని చెప్పమని నా చెవిలో అంది. దాన్ని మేమెవరం అబద్ధం అనుకోం. నేనూ అనుకోలేదు. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను, అంతే.

మా ఆయన మిషన్ స్కూల్లో డ్రిల్ మాస్టారు. వాళ్ళది గుంటూరు వైపు. ఉద్యోగానికని వచ్చి, ఈ చర్చిలోనే నన్ను చూసి, ఇక్కడే ఉండిపోయారు. మనిషి మామూలుగా నడిచినా కవాతులాగే ఉండేది. పెళ్ళయిన కొత్తలో మా అమ్మ కిటికీలోంచి చూసి, "ఏందే, మీ ఆయన పాల పాకెట్‌కు సుత లెఫ్ట్ రైట్ కొట్టుకుంట పోతుండు" అని ఏడిపించేది. ఆయనకు కోపం రాకపోగా ఇంకాస్త నిటారుగా నడిచేవారు.

మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం, ఆటల పోటీలకు పిల్లల చేత ప్రాక్టీసు చేయించి స్కూటర్ మీద ఇంటికొస్తుంటే, కాప్రా చెరువు దగ్గర మలుపులో రాంగ్ సైడ్‌లో వచ్చిన కారు ఆయన్ని గుద్దింది. ఇంకా పూర్తిగా చీకటి కూడా పడలేదు. కారు నడిపినవాడు ఏ.ఎస్. రావు నగర్‌లో బాగా ఉన్న ఇంటి కుర్రవాడు. కారు వాళ్ళ నాన్నది. వాడు దిగి, నిలబడలేక, డోరు పట్టుకుని ఊగుతూ ఉన్నాడని చూసినవాళ్ళు చెప్పారు. పోలీసులు గొట్టం ఊదిస్తే తాగినట్టు మిషన్ చెప్పింది. ఆ రోడ్డు మీద నిలబడలేకపోయినవాళ్ళు ఇద్దరు. ఒకడు తాగినందుకు, ఒకరు తుంటి విరిగినందుకు. పొద్దున్నకి ఒకడు బాగానే నిలబడ్డాడు.

మా ఆయనకు ప్లేటు వేసి ఎముక అతికించారు. ఇంటికి పంపించేముందు డాక్టరు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. ఎముక అతుక్కుంటుంది కానీ తుంటి కీలుకు రక్తం అందడం లేదు, ఆ కీలు చచ్చిపోతుంది, దాన్ని తీసేసి కొత్త కీలు పెట్టాలి అన్నాడు. కొన్ని నెలలు ఆగొచ్చు, ఏళ్ళు మాత్రం ఆగొద్దన్నాడు. ఆగితే కాలు పొట్టిదవుతుంది, ఆ బరువంతా మోసి రెండో తుంటి కూడా అరిగిపోతుంది. మొదటి ఆపరేషన్‌కే మా దగ్గరున్నదంతా అయిపోయింది. తిరుమలగిరిలో చిన్న ప్రైవేటు స్కూల్లో రెండో తరగతికి పాఠాలు చెప్పుకునేదాన్ని, రెండో ఆపరేషన్‌కి డబ్బు ఎక్కణ్ణుంచి తేను? గుద్దినవాడు కట్టాలి, లేదా వాడి ఇన్సూరెన్స్ కంపెనీ కట్టాలి. అదే మాకు మిగిలిన దారి.

ఆ ఆదివారం ఆయన సాక్ష్యం చెప్పారు. వాకర్ పట్టుకుని వెళతానంటే నేనే సరే అన్నాను. కానీ మైకు దగ్గరికెళ్ళాక ఆయన వాకర్ పక్కకు నెట్టేశారు. స్వస్థత గురించి చెప్తూ ఇనుప కడ్డీలు పట్టుకుని ఉంటే బాగుండదు కదా. నేను గభాలున వెళ్ళి ఎడమ చంక కింద చెయ్యి వేసి, చొక్కా పిడికిట్లో బిగించి పట్టుకున్నాను. మనిషి బరువంతా నా మణికట్టు మీద పడింది. "డాక్టర్లు ఇక నడవలేనన్నారు, దేవుడు నన్ను సంపూర్ణంగా స్వస్థపరిచాడు. ఈ రోజు నాలో ఏ నొప్పీ లేదు" అని ఆయన చెప్తుంటే అందరూ చప్పట్లు కొట్టారు. కొందరు ఏడ్చారు. ఆయన వీపు చెమటతో తడిసిపోతోందని నాకొక్కదానికే తెలుసు. మా చర్చి ఆరాధన ప్రతి వారం ఫోన్లో లైవ్ వస్తుంది. ఆ రోజూ వచ్చింది.

తర్వాత క్లెయిమ్ కేసు వేశాం. మా లాయరు నల్గొండ వైపు మనిషి, కోర్టు దగ్గర జిరాక్స్ షాపు పైన గది. మంచివాడే. ప్రతి వాయిదాకూ ముందురోజు ఫోన్ చేసి, "అమ్మా, రేపు సార్‌ను జెర జల్ది తోల్కరాండ్రి" అనేవాడు. మేం జల్దీగా వెళ్ళేవాళ్ళం. మెట్లెక్కడానికి ఆయనకు చాలాసేపు పట్టేది. ఎక్కి, బెంచీ మీద కూర్చుని, మా పేరు పిలిచేదాకా ఉండి, వాయిదా వేశారని విని, మళ్ళీ దిగేవాళ్ళం. కోర్టుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగామని అందరూ అంటుంటారు. మా ఆయన విషయంలో అది డాక్టరు కూడా రాసివ్వగలిగిన మాట.

కారు కుర్రవాడు తాగి నడిపిన కేసులో జరిమానా కట్టేసి, లైసెన్స్ కొన్నాళ్ళు పక్కనపెట్టి బయటపడ్డాడు. మా క్లెయిమ్ కేసుకు వాడు గానీ వాళ్ళ నాన్న గానీ ఒక్కసారి కూడా రాలేదు. రాకపోతే ఏమవుతుందని అడిగాను. "ఏం గాదమ్మా, వాళ్ళు లేకుండనే నడుస్తది. పైసలు కట్టేది కంపెనీ గదా, కొట్లాడేది గూడ వాళ్ళే" అన్నాడు లాయరు. తాగి నడిపినవాడి తప్పుకు మేమెందుకు కట్టాలని కంపెనీ వాదన. ముందు బాధితుడికి మీరు కట్టండి, ఆనక కారు యజమాని దగ్గర వసూలు చేసుకోండి అని కోర్టులు అంటాయట. అది వింటే నాకు ప్రాణం లేచొచ్చింది. తప్పెవరిదన్న దాంట్లో మాకు తిరుగులేదనుకున్నాను.

ఆ గొడవ తేలకముందే కంపెనీ వాళ్ళు కోర్టులో ఒక వీడియో పెట్టారు. మా లాయరు తన గదిలో కంప్యూటర్ మా వైపు తిప్పి చూపించాడు. మా చర్చి, మా పూల కుండీలు, మైకు ముందు మా ఆయన. రొమ్ము దగ్గర్నుంచి పైకే పడింది. కర్ర లేదు, వాకర్ లేదు, నిటారుగా నిలబడి ఉన్నారు. 'ఈ రోజు నాలో ఏ నొప్పీ లేదు' అంటున్నారు. అంచున ఒక నీలం గుడ్డ ముక్క కదులుతోంది. అది నా చీర. చెయ్యి మాత్రం ఎక్కడా లేదు.

"ఇదేంది సార్, గిట్లెందుకు చెప్పిన్రు?" అన్నాడు లాయరు. అతను హిందువు. మా పద్ధతి అతనికి తెలియదు. నేను చెప్పాను. అంతా విని తల గోక్కుని, "అయితే మంచిదే. వాళ్ళ వకీలు అడిగితే గదే చెప్పుండ్రి. మా చర్చిల అందరు గట్లనే అంటరు, అది మా తరీఖా, కాలు బాగయినట్టు గాదు అనాలె. ఒక్క మాట సార్, అంతే" అన్నాడు. మా ఆయన తలూపలేదు. అప్పుడే నాకు భయం మొదలైంది.

నేను అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. మేము పాస్టరుగారిని అయ్యగారనే అంటాం. ఒక్కసారి కోర్టుకొచ్చి, సాక్ష్యమంటే మాలో ఏమిటో జడ్జిగారికి చెప్పమని అడిగాను. ఆయన చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన చేస్తున్నారేమోనని ఊరుకున్నాను. కళ్ళు తెరిచి, "అమ్మా, నేనొచ్చి ఆ మాట చెబితే, మన సంఘంలో సాక్ష్యాలన్నీ ఉత్త మాటలని నేనే ఒప్పుకున్నట్టవుతుంది కదా" అన్నారు.

"మరి ఆయన కాలు?" అన్నాను.

"ప్రార్థనలో పెడదాం. నిజం చెప్పమనండి. నిజానికి దేవుడు తోడుంటాడు."

ఏ నిజమో చెప్పలేదు. వందనాలు చెప్పి బయటికొచ్చాను. ఆటోలో కూర్చున్నాక గానీ నా ఒళ్ళు ఎంత మండిపోతోందో నాకు తెలియలేదు.

కంపెనీ వకీలు ఆయన్ని ప్రశ్నలడిగే రోజు పొద్దున ఇడ్లీ పెడుతూ ఆయనతో మళ్ళీ మళ్ళీ చెప్పించాను. నేను రెండో తరగతి టీచర్ని, చెప్పించడం నాకు అలవాటే. "అది మా పద్ధతండి, నొప్పి ఉంది" అనండి అన్నాను. ఆయన పిల్లాడిలా రెండుసార్లు అన్నారు. మూడోసారి, "నాకు వచ్చులేవే" అన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. గోడకు మేకుకు వేలాడుతున్న విజిల్ వైపు చూశారు. స్కూల్లో అప్పటికే ఆయన్ని లైబ్రరీ గదిలో కూర్చోబెట్టారు. కాలు బాగుపడితే గ్రౌండ్‌కి రండి, లేకపోతే వచ్చే ఏడు ఇంకొకర్ని చూసుకుంటాం అన్నారు. కాలు బాగుపడ్డం కొత్త కీలులో ఉంది, ఆ కీలు ఈ రోజు ఈయన చెప్పే ఒక్క మాటలో ఉంది.

కంపెనీ వకీలు పెద్దాయన. ఎంతో మర్యాదగా ఉన్నాడు. మా ఆయన్ని కూర్చోబెట్టమని అతనే జడ్జిగారిని అడిగాడు. ఎగతాళి చేస్తే బాగుండేది, ఈయనకు పౌరుషం వచ్చి ఏదైనా అనేవారు. దేవుని మీద ప్రమాణం చేయించారు. తర్వాత వీడియో వేశారు. కోర్టు హాల్లో ఆ చప్పట్లు వినబడుతుంటే వెనక ఎవరో నవ్వారు.

"ఇందులో మాట్లాడుతున్నది మీరే కదా మాస్టారూ?"

"నేనేనండి."

"మీ చర్చిలో, దేవుని ముందు చెప్పిన మాటలేనా?"

"అవునండి."

"మీరు పిల్లలకు చదువు చెప్పేవారు. దేవుని ముందు అబద్ధం చెప్పారని నేననుకోను. ఆ రోజు మీరు చెప్పింది అబద్ధమా?"

మా లాయరు లేచి ఏదో అడ్డుచెప్పాడు. ఆయన్నే చెప్పనివ్వండి అన్నారు జడ్జిగారు. ఫ్యాను తిరుగుతోంది. మా ఆయన నా వైపు చూశారు. నేను పొద్దున చెప్పించిన మాటనే పెదాలు కదిపి మళ్ళీ అందించాను. ఆయన చూపు తిప్పుకున్నారు.

"అబద్ధం కాదండి" అన్నారు.

"అంటే నిజమే కదా?"

"నిజమేనండి. నొప్పి ఉందండి, కానీ..."

"అడిగినదానికి చెప్పారు, చాలు మాస్టారూ. థాంక్యూ."

జడ్జిగారు ఇంగ్లీషులో చెప్పారు, టైపిస్టు కొట్టింది. 'ఆ రోజుకు నేను పూర్తిగా బాగయ్యానన్నది నిజమే' అని మా ఆయన మాటగా ఒక్క ముక్క. నొప్పి ఉందన్న మాట అందులోకి రాలేదు. నేనిక ఆగలేకపోయాను. వెనక బెంచీలోంచి లేచి, "అయ్యా, ఆ వీడియోలో ఆయన్ని నేను పట్టుకున్నానండి. నా చెయ్యి అందులో పడలేదండి" అన్నాను. జడ్జిగారు కసురుకోలేదు. కళ్ళద్దాల పైనుంచి చూసి, "కూర్చోండమ్మా" అన్నారు. టైపిస్టు వేళ్ళు కదల్లేదు. ఈ కేసు మొత్తంలో తాగినవాణ్ణి ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ ఇద్దరిలో ప్రమాణం చేసి బోనులో కూర్చున్నది మా ఆయనొక్కరే.

 ఇంటికొచ్చి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కాలు స్టూలు మీద పెట్టి, అప్పుడు అడిగాను.

"ఒక్క మాట అనలేకపోయారా?"

"దేవుడి ముందు అన్నాను. మనుషుల ముందు కాదనమంటావా?"

"నొప్పి దేవుడు ఇచ్చింది కాదా? దాన్ని మాత్రం కాదనొచ్చా?"

"కాదనలేదుగా. చెప్పబోయాను. ఆపేశారు."

"ముందు అనాల్సింది వెనక అన్నారు."

ఆయన స్టూలు మీది కాలిని రెండు చేతులతో సర్దుకున్నారు. కాసేపటికి, "ఆ రోజు అంటున్నప్పుడు నాకు నిజంగా తగ్గుతుందనే అనిపించిందే" అన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి పంపు తిప్పి ఏడ్చాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, మా ఆయన మీద ఆ రోజు వచ్చినంత కోపం నాకు ఆ తాగినవాడి మీద కూడా రాలేదు. వాడు ఎవడో. ఈయన నా మనిషి. ఆయన నిలబడాలని నా చెయ్యి వాచేలా పట్టుకుంటే, ఆ నిలబడ్డమే మా కొంప ముంచింది.

నన్ను సాక్షిగా పిలవమని లాయరుతో కొట్లాడాను. "పెండ్లాం గట్లనే చెప్తదమ్మా అంటరు. ఫాయిదా లేదు" అన్నాడు. అయినా నా పోరు పడలేక దరఖాస్తు పెట్టాడు, కోర్టు కొట్టేసింది. డాక్టరు వచ్చి ఎక్స్‌రేలు చూపించి చెప్పాల్సింది చెప్పాడు. కానీ రోగి తానే ప్రమాణం చేసి బాగుందంటే డాక్టరు మాటకు విలువేముంటుంది?

తీర్పు మాకే వచ్చింది. నవ్వొస్తుంది, కానీ మేం గెలిచాం. తప్పంతా కారు నడిపినవాడిదేనని రాశారు. తాగి ఉన్నాడని కూడా రాశారు. కంపెనీ ముందు కట్టి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవాలన్నారు. కట్టాల్సింది మాత్రం మొదటి ఆసుపత్రి ఖర్చులకూ, అప్పట్లో పోయిన జీతానికీ. శాశ్వతంగా వైకల్యం ఉందని రుజువు కాలేదు, ముందు ముందు ఆపరేషన్ అవసరమన్నదీ రుజువు కాలేదు అన్నారు. వచ్చినది పాత అప్పుల్లోకే వెళ్ళిపోయింది. పై కోర్టుకు పోవచ్చన్నాడు లాయరు. ఎన్నాళ్ళు పడుతుందంటే గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు, చెప్పలేకపోయాడు. ఏళ్ళు మాత్రం ఆగొద్దన్న డాక్టరు మాట నాకు గుర్తుంది. స్కూలు వాళ్ళు కొత్త డ్రిల్ మాస్టారుని తీసుకున్నారు. మొన్న ఏ.ఎస్. రావు నగర్‌లో కూరగాయలు కొంటుంటే ఆ కారు కనబడింది. సొట్ట తీయించి, రంగు వేయించారు. బాగానే నడుస్తోంది.

మొన్న స్కానింగ్ చేసి, రెండో తుంటి కూడా అరగడం మొదలైందన్నారు.

పోయిన ఆదివారం అయ్యగారు ప్రసంగం మధ్యలో ఆగి, మన సహోదరుడు న్యాయస్థానంలో, అన్యుల ఎదుట, లాభం పోతుందని తెలిసీ తన సాక్ష్యాన్ని విడిచిపెట్టలేదు అన్నారు. చర్చి మొత్తం చప్పట్లు కొట్టింది. వచ్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను మా ఆయన మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాను, వద్దని. ఆయన నా వైపు చూశారు. ఆ ముఖంలో ఏదో వెలుగు, మూడేళ్ళుగా నేను చూడనిది. కూర్చున్నచోట నుంచి తనంతట తాను లేవలేరు కాబట్టి, నేను లేపితేనే లేవాలి. అందరూ మావైపే చూస్తున్నారు. ఒక్క క్షణం నేను కదలకుండా కూర్చున్నాను. నిజం చెప్తున్నాను, కదలకూడదనే అనుకున్నాను. ఆయన చెయ్యి చాచి అలాగే ఉంచారు.

లేపాను. ఒక కాలు పొట్టిది, ఊగుతూ నడుస్తారు. మైకు దాకా చేరేసరికి ఊపిరి అందలేదు. పాత చోటే నిలబడ్డాం, చంక కింద పాత చోటే చెయ్యి వేశాను. ఈసారి బరువు ఎక్కువగా ఉంది. ఆయన మైకు సర్దుకుని, "దేవుడు నన్ను సంపూర్ణంగా..." అని మొదలుపెట్టారు.

కెమెరా దగ్గరున్న పెద్దమనిషి నన్ను చూసి వేళ్ళతో సైగ చేశాడు. "సిస్టర్, మీరు ఫ్రేములో అడ్డం వస్తున్నారు, కొంచెం పక్కకి" అన్నాడు గొంతు తగ్గించి.

పక్కకి జరిగాను. చెయ్యి మాత్రం తియ్యలేదు. తీస్తే ఆయన పడిపోతారు.